తడబడు చదువు

మాటలాడుటను బిడ్డకు ఎవరును కూర్చుండబెట్టి నేర్పరు. తల్లి యొడిలోను, ఇంటి వాకిటను, తోడిపిల్లల యాటలలోను విని విని బిడ్డ తనంతట తానే పలుకనేర్చును. మూడేండ్లు నిండునప్పటికి కథ చెప్పుమని మారాము చేయును. అయిదేండ్లు నిండునప్పటికి తానే చెల్లెలికి కథ చెప్పును. చదువుట అట్టిది కాదు. మాట ప్రకృతి యిచ్చిన వరము. లిపి మానవుడు కల్పించుకొన్న సాధనము. లిపి పుట్టి సుమారు 5,000 సంవత్సరములు మాత్రమే యైనది. మాట దానికంటె ఎంతో ప్రాచీనమైనది. కావున ఎంత తెలివిగల బిడ్డకైనను చదువును ఒకరు నేర్పవలసినదే. కొందఱు బిడ్డలకు అది వేగముగ వచ్చును; కొందఱికి ఆలస్యముగ వచ్చును; మఱికొందఱికి చేయి పట్టుకొని నడిపించువారుండిన గాని రాదు.

చదువనేర్చినవారు తాము పడిన శ్రమను త్వరలోనే మఱచిపోవుదురు. ఎనిమిదవ తరగతి విద్యార్థి పుస్తకము తెఱచినంతనే అతనికి అక్షరములు కనబడవు, అర్థమే కనబడును. వీధిలో పోవుచు దుకాణముపై వ్రాసిన పేరును చదువకుండ చూడుమన్నను అతనికి సాధ్యము కాదు. కన్ను పడినంతనే మనస్సు దానిని చదివివేయును. ఇంత సులభమైన పని రెండవ తరగతిలోనున్న తమ్మునికి ఏల రాకున్నదో అతనికి బోధపడదు. "ఇది కూడ రాదా?" అని యనును. ఆ చిన్న మాట బెత్తపు దెబ్బకంటె లోతుగ తగులును. తడబడు బిడ్డకు సాయపడగోరువారు మొదట చేయవలసిన పని యొకటి కలదు. చదువుట యనగా ఎన్ని పనులను ఒక్కమాఱుగా చేయుటయో వారు తెలిసికొనవలెను.

తెలుగు లిపిలో ఒక గొప్ప సౌలభ్యమున్నది. మనము దాదాపు వ్రాసినట్లే పలుకుదుము, పలికినట్లే వ్రాయుదుము. ఇంగ్లీషులో ఒకే అక్షరము వేర్వేఱు మాటలలో వేర్వేఱు విధములుగ పలుకబడును. తెలుగులో 'క' ఎక్కడనున్నను 'క'యే. కాని యీ సౌలభ్యమునకు బిడ్డ కొంత వెల చెల్లింపవలసియున్నది. ఇంగ్లీషు బిడ్డ నేర్వవలసిన అక్షరములు 26. తెలుగు బిడ్డకు సంప్రదాయముగ లెక్కించు అక్షరములు 56. అంతటితో తీరదు. ప్రతి హల్లునకు గుణింతము కలదు; ప్రతి హల్లునకు వత్తు కలదు. తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము, ఎత్వము, ఒత్వము మొదలగు గుర్తులు ఒక్కొక్క హల్లుతో చేరగా బిడ్డ గుర్తింపవలసిన రూపములు వందలకొలదిగా పెరుగును. అవి యన్నియు స్థిరపడుటకు ప్రాథమికపాఠశాలలో పెక్కేండ్లు పట్టును.

ఆ రూపములలో పెక్కు ఒకదానినొకటి పోలియుండును. 'ప'కును 'వ'కును భేదము స్వల్పము. ద, ధ, థ లకు ఒక గీతయో చుక్కయో భేదము. 'వ'కు కొమ్మును ప్రక్కన చేర్చినచో 'మ' అని భ్రమ కలుగునని, 'వు'లో కొమ్మును క్రిందినుండి తీసి వ్రాయుదురు. పెద్దలకు ఇవి స్వల్పవిషయములు. బిడ్డకు మాత్రము ఇది వింతయైన నియమము. అతడెఱిగిన లోకములో వస్తువు చిన్న గుర్తుచేత మాఱదు. మెడలో గంట కట్టినను ఆవు ఆవే. గంట విప్పినను ఆవే. అక్షరలోకములో అట్లు కాదు. చుక్క చేరినచో అక్షరమే వేఱగును. ఈ క్రొత్త లోకపు కట్టుబాటును గ్రహించుటకు కొందఱు బిడ్డలకు కొంతకాలము పట్టిన ఆశ్చర్యమేమి?

వత్తుల సంగతి మఱియు విచిత్రమైనది. పెక్కు హల్లుల వత్తులు ఆ హల్లుల రూపమునే చిన్నదిగ చూపును. కాని త, న, మ, య, ర, ల అను వాని వత్తులు తమ మూలాక్షరములను పోలవు. బిడ్డకు మిక్కిలి ప్రియమైన మాటలలో ఈ వత్తులే యున్నవి. అమ్మ, నాన్న, అన్న, అయ్య, అత్త, పిల్ల: వీనిలో ఒక్కటియు సులభముగ వ్రాయబడునది కాదు. 'పిల్లి' అను మాటను చూడుడు. గుడి పైనున్న 'ల'పై కనబడును. కాని క్రిందనున్న వత్తును పలికిన తరువాత గాని ఆ గుడి పలుకబడదు. కన్ను ఒక వరుసను చూచుచుండగా నోరు వేఱొక వరుసను పలుకవలెను. ఇంటిలో దినమునకు నూఱుమాఱులు పిల్లిని పిలుచు బిడ్డ పుస్తకములోని పిల్లి యొద్ద ఆగిపోవుటకు కారణము తెలివిలేమి కాదు.

అయినను తఱచుగ బిడ్డకు పడు పేరు 'మొద్దు' అనునదియే. ఈ పేరు పెట్టుటకు ముందు విచారింపవలసిన సంగతులు పెక్కు కలవు. కొందఱు బిడ్డలకు నల్లబల్లపై వ్రాసినది స్పష్టముగ కనబడదు. తమకు కనబడుటలేదని వారికే తెలియదు. కొందఱికి చెవి కొంత మందముగ నుండును. కొందఱు జ్వరముచేతనో, తలిదండ్రులు పనికై పరదేశము పోవుటచేతనో అక్షరములు చెప్పు నెలలలోనే బడి మానినవారు. కొందఱి యింటిభాష గోండియో, కోయయో, లంబాడియో, ఉర్దువో కావచ్చును; వారు తెలుగు అక్షరముతోపాటు తెలుగు మాటను కూడ క్రొత్తగ నేర్చుకొనవలసియుందురు. ఈ కారణములలో ఏదియు బుద్ధికి సంబంధించినది కాదు.

ఇవి యేవియు లేకున్నను చదువు రాని బిడ్డలు కొందఱుందురు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' అను పత్రికలో 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. ఆ బాలుడు చుఱుకైనవాడు. ఆటలలో తోడివారికి తీసిపోనివాడు. 749ని 867తో హెచ్చవేయుమన్న త్వరగా, తప్పులేకుండ హెచ్చవేసెను. ఏండ్ల తరబడి ఎంత శ్రద్ధగ నేర్పినను చిన్న చిన్న మాటలను తప్ప చదువలేకపోయెను. తన పేరులోని అక్షరములనే తారుమారు చేసి వ్రాసెను. పాఠములన్నియు నోటితోనే చెప్పుచో బడిలోకెల్ల అతడే చుఱుకైనవాడగునని అతని ఉపాధ్యాయుడు చెప్పెను. ఇట్టి స్థితికి నేడు వాడు 'డిస్లెక్సియా' అను పేరును అంతకు పూర్వమే రుడాల్ఫ్ బెర్లిన్ అను జర్మను నేత్రవైద్యుడు కల్పించియుండెను. ఇది కంటి దోషము కాదు, బుద్ధి దోషము కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వానిని అక్షరములతో జతపఱచుటలో కలుగు ప్రత్యేకమైన ఇబ్బంది. భారతదేశములో 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసనవైకల్యములను గుర్తించినది. ఈ బిడ్డలకు కావలసినది వింత మందు కాదు. ఎల్ల బిడ్డలకు కావలసిన బోధయే వీరికిని కావలెను. అది మఱింత క్రమముగ, మఱింత నెమ్మదిగ, మఱింత కాలము జరుగవలెను.

అట్టి బోధకు తగిన వ్యవధి ఒక్క ఉపాధ్యాయునికి నలువది మంది పిల్లల నడుమ ఎట్లు దొరకును? ఈ ప్రశ్నకు మన పూర్వపు వీధిబడులు ఒక సమాధానము కనిపెట్టినవి. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానియందలి బడులను గూర్చి విచారింపుమని జిల్లాల కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. ఆయన తెలుగు భాషకు వ్యాకరణము వ్రాసిన పండితుడు. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. ఆ జిల్లాలో 533 బడులలో 6,641 మంది విద్యార్థులు చదువుచుండిరి; అందు 226 తెలుగు బడులు. పిల్లలు మొదట ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరనియు, ముందు తరగతివారు వెనుక తరగతివారికి చెప్పుచుండిరనియు, ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండువారు దానిని అనుకరించుట ఉచితమే యనియు ఆయన వ్రాసెను.

ఇంగ్లండువారు అనుకరించిన వృత్తాంతము వినదగినది. 1789లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు మద్రాసులోని ఎగ్మూరునందు బాలుర అనాథశరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. అచ్చటి చిన్నపిల్లలకు అక్షరములు వచ్చుటకే చాల కాలము పట్టుచుండెను. ఒకనాడాయన ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో వ్రాయుటను చూచి, అట్లే చేయింపుమని తన బడిలోని ఉపాధ్యాయునికి చెప్పెను. అది జరుగదని ఆ ఉపాధ్యాయుడనెను. అంతట బెల్ ఆ చిన్న తరగతిని జాన్ ఫ్రిస్కెన్ అను సుమారు ఎనిమిదేండ్ల బాలునికి అప్పగించెను. పెద్దవాడు కాదన్న పనిని ఆ చిన్నవాడు చేసి చూపెను. బెల్ ఈ సంగతిని 1797లో ఇంగ్లండులో పుస్తకముగ ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' అను పేరుతో అది అచ్చటి బడులలో వ్యాపించెను.

వ్రేలితో ఇసుకపై వ్రాయుచు ధ్వనిని పలుకునప్పుడు కన్ను, చెవి, చేయి మూడును ఒకే పనిలో కూడును. ఒకదానికి తెలియనిది వేఱొకటి జ్ఞాపకముంచును. నేటికిని తడబడు బిడ్డలకు నేర్పువారు ఈ ఉపాయమును విడువలేదు. చిన్నవానికి చిన్నవాడే చెప్పుటలోను మేలున్నది. నిన్నమొన్న ఆ మెట్టెక్కినవానికి ఆ మెట్టు ఎక్కడ జాఱునో జ్ఞాపకముండును.

అయితే ఆ వీధిబడులలోని దంతయు మేలైనది కాదు. అందఱికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురనియు, తరువాత వచ్చువారికి వరుసగ బెత్తపు దెబ్బలు పెరుగుచుండుననియు క్యాంబెల్ వ్రాసెను. పిల్లలను చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుట కూడ కలదు. తెలుగువారు దానిని కోదండమనిరి. మఱియు బాలురు వందలకొలది పద్యములను అప్పగింతురు గాని, వాని యర్థమును చిలుక యెఱిగినంతయే యెఱుగుదురని ఆయన చింతించెను. "చదువవేసిన ఉన్న మతి పోయినది" అను సామెత ఇట్టి చదువును చూచియే పుట్టియుండును. భయమును, అర్థములేని వల్లెవేతయు బిడ్డకు చదువును దూరము చేయును. వానిని విడిచి, మేలైనదానిని మాత్రము గైకొనిన ఇంటిలోనే ఎంత పని జరుగునో ఒక దృష్టాంతముచేత తెలిసికొనవచ్చును.

ఒక గ్రామములో చిల్లరకొట్టు పెట్టుకొన్న ఒక గృహస్థు కలడనుకొందము. అతని కుమార్తె ఎనిమిదవ తరగతి, కుమారుడు రెండవ తరగతి. బాలుడు కొట్టులో చిల్లర లెక్క తప్పడు. విన్న కథను ఒక్క సంగతి విడువక తిరిగి చెప్పును. కాని సోమవారము వచ్చినచో కడుపునొప్పి యని మంచము దిగడు. పుస్తకమనిన ముఖము మాడ్చుకొనును. "వీనికి చదువు వ్రాసిపెట్టలేదు. వచ్చే వేసవి తరువాత బడి మాన్పించి కొట్టులో కూర్చుండబెట్టెదను" అని తండ్రి నిశ్చయించుకొనెను. తల్లి ఏమియు అనలేక ఊరకుండెను.

ఒకనాటి సాయంకాలము అక్క అతనిని పాఠము చదువుమనెను. బాలుడు వరుసపై వ్రేలు పెట్టి గడగడ చదివెను. తప్పు లేదు. అక్కకు అనుమానము తోచి, మెల్లగ పుట త్రిప్పెను. వ్రేలు క్రొత్త పుటపై నడచుచుండెను. నోరు పాతపాఠమునే చదువుచుండెను. అక్క నవ్వలేదు. తమ్ముడు చదువుటలేదు, చెవితో పట్టిన పాఠమును అప్పగించుచున్నాడని ఆమెకు తెలిసెను. ఒక పాఠమునంతయు విని కంఠస్థము చేసినవాడు మొద్దు కాడని కూడ ఆమెకు తోచెను.

"తమ్ముడూ! ఈ పుటలో నీకు తెలిసిన అక్షరములను మాత్రము నాకు చూపుము. తెలియని వానిని నేనడుగను."

"కొట్టవు కదా, అక్కా?"

"కొట్టను. ఎవరితోను చెప్పను."

బాలుడు వెదకి వెదకి పదునెనిమిది అక్షరములను చూపెను. అక్క వానిని ఒక కాగితముపై వ్రాసి అతని చేతికిచ్చెను. "ఇవి నీవి. వీనిని ఎవరును నీయొద్దనుండి తీసికొనలేరు. రేపు ఒకటి చేర్చుకొందము" అనెను. రానిదానితో కాక వచ్చినదానితో మొదలుపెట్టుటయే ఆమె చేసిన మొదటి మంచి పని.

మఱునాటినుండి ఆమె క్రమముగ పని సాగించెను. అక్షరమాలను 'అ' మొదలుకొని 'ఱ' వఱకు వరుసగ చెప్పలేదు. మాటలు కట్టుటకు పనికివచ్చు కొన్ని అక్షరములను ఏరుకొనెను. త, ల, ప, క, వ అను అయిదు అక్షరములు వచ్చినచో తల, వల, కల, పలక, కలప అను మాటలను చదువవచ్చును. అయిదు అక్షరములకే అయిదు మాటలు వచ్చుట చూచి బాలునికి ఉత్సాహము కలిగెను. పళ్లెములో సన్నని ఇసుక పోసి, ధ్వనిని పలుకుచు వ్రేలితో వ్రాయుమనెను. 'ప'ను, 'వ'ను ఒకేనాడు చెప్పలేదు. ఒకటి గట్టిపడిన పిమ్మటనే రెండవది చెప్పి, అటుపై రెంటిని ప్రక్క ప్రక్కన ఉంచి భేదమును అతనిచేతనే చెప్పించెను.

పుస్తకము లేని వేళలలో చెవికి పని కల్పించెను. తల్లి చిక్కుడుకాయలు వలుచుచుండగా ముగ్గురును ఆటవలె ఆడుకొనిరి.

"కలప అను మాటలో 'ప'ను తీసివేసిన ఏమి మిగులును?"

"కల!"

"పులిలో 'పు'ను తీసి 'చె' పెట్టిన?"

బాలుడు కొంచెము ఆలోచించి, "చెలి!" అనెను.

ఇది కాలక్షేపపు టాటగ కనబడును గాని, చదువునకు ఇదియే పునాది. మాటను ముక్కలుగ వినలేని చెవికి, ఆ ముక్కలను చూపు అక్షరములు అర్థము కావు.

గుణింతమును బాలుడు పాటగ పాడగలడు. కాని 'కీ' ఏదియని అడిగిన, 'క కా కి' అని మొదటినుండి పరుగెత్తిన గాని చెప్పలేడు. కావున అక్క వరుస తప్పించి అడుగుచు వచ్చెను. 'వడ' అని వ్రాసి చదివించి, దానికి దీర్ఘమిచ్చి 'వాడ' అనిపించెను. 'పడి'ని 'పాడి' చేసెను. ఒక చిన్న గుర్తు తినుబండారమును ఊరిభాగముగ మార్చుట చూచి బాలుడు పకపక నవ్వెను. నవ్వినప్పుడు నేర్చినది అతడు మఱచిపోలేదు.

వత్తుల యొద్ద మరల తడబాటు వచ్చెను. 'అమ్మ' అను మాటను అతడు 'అమ' అని చదివెను. అక్క తప్పనలేదు. "అమ్మను పిలువుము. పెదవులు ఎంతసేపు మూసికొన్నవో చూచుకొనుము" అనెను. బాలుడు పిలిచెను, వంటయింటిలోనుండి తల్లి పలికెను. మూసిన పెదవులపై వ్రేలుంచి మరల పలికి, "ఇక్కడ రెండు 'మ'లున్నవి, అక్కా! ఒకటి క్రింద దాగినది" అనెను. నియమమును చెప్పించుకొనుటకంటె కనిపెట్టుటలో బిడ్డకు గల సంతోషము వేఱు.

ఈ పని దినమునకు ఇరువది నిమిషములకు మించలేదు. ఒకదినము మూడు గంటలు చెప్పి ఆఱుదినములు మానుటకంటె, దినదినము ఇరువది నిమిషములు చెప్పుట మేలని ఆమె యెఱుగును. తమ్ముడు ఒక మాటయొద్ద ఆగినచో వెంటనే అందింపక, అయిదు లెక్కించునంతసేపు వేచియుండెడిది. అప్పటికిని రానిచో మొదటి యక్షరమును మాత్రము పలికెడిది. ఒక చిన్నకథను మొదట తాను చదివి, పిదప ఇద్దఱును గొంతు కలిపి చదివి, తుదకు అతనినే చదువుమనెడిది. అదే కథను నాలుగు దినములు చదివించెడిది. కాని నడుమనున్న మాటలను చూపి అడుగుచు, అది కంఠపాఠము కాకుండ కాచుకొనెడిది. అతడు బాగుగ చదివిన మాటతోనే ఆనాటి పని ముగించెడిది. రాత్రి పడుకొనబోవునప్పుడు పెద్దకథను తాను చదివి వినిపించెడిది. కన్ను వెనుకబడినంత మాత్రమున మనస్సునకు కథలు కఱవగుట తగదు కదా! తరగతి ఉపాధ్యాయినితో కూడ ఆమె మాటలాడెను. ఆమె బాలుని ముందు వరుసలో కూర్చుండబెట్టి, అతని కన్నులను పరీక్ష చేయించెను. అందఱి యెదుట గట్టిగ చదువుమని కొన్నాళ్లు అడుగలేదు.

ప్రతిదినమును ముందునకే సాగినదనుకొనరాదు. సోమవారము వచ్చిన అక్షరము బుధవారమునాటికి పోయెడిది. అక్కకు విసుగు పుట్టెడిది. అట్టి దినమున పళ్లెములోని ఇసుకను సర్ది, "నేటికి చాలును" అని లేచిపోయెడిది గాని కోపపు మాట పలికెడిది కాదు. మఱచిపోవుట నేర్చుకొనుటలో ఒక భాగమని ఆమె గ్రహించెను. ఒక అక్షరమును పదిమాఱులు చూచి గుర్తుంచుకొను బిడ్డలుందురు. నూఱుమాఱులు చూడవలసిన బిడ్డలుందురు. నూఱవ మాఱు వఱకు ఎవరైన తోడుండుటయే కావలసినది.

నాలుగు నెలలు గడచెను. ఒక సాయంకాలము తండ్రి కొట్టులో పాతపత్రికలు చించి పొట్లములు కట్టుచుండెను. బాలుడు ప్రక్కన కూర్చుండి ఒక ముక్కను చేతిలోనికి తీసికొని, పెద్ద యక్షరములపై వ్రేలుంచి, ఒక్కొక్కటిగ కూడబలుకుకొని, "పల్లెలలో... వానలు" అని చదివెను. ఆ మాటలను అతనికి ఎవరును ముందు చెప్పియుండలేదు. తండ్రి చేతిలోని పొట్లము ఆగిపోయెను. అతడేమియు అనలేదు. మఱియొక పత్రికముక్కను తీసి కుమారుని ముందుంచెను. ఆ జూన్ నెలలో బాలుడు మూడవ తరగతిలో చేరెను. చదువులో తోడివారికంటె నెమ్మదియే. కాని యది చదువే.

మూడవ తరగతి పేరు ఇచ్చట ఊరక వచ్చినది కాదు. అంతవఱకు బిడ్డ చదువుటను నేర్చుకొనును. అటుపైన చదివి ఇతరవిషయములను నేర్చుకొనవలసియుండును. లెక్కలు, పరిసరాల విజ్ఞానము, చరిత్ర అన్నియు అక్షరముల ద్వారముననే ప్రవేశించును. ఆ ద్వారము మూసియున్నచో తెలివిగలవాడును వెలుపలనే నిలిచిపోవును. ఏడేడు వెనుకబడి, తుదకు తనకు బుద్ధియే లేదని తానే నమ్మును. అందుచేతనే 2021లో భారతప్రభుత్వము ప్రారంభించిన 'నిపుణ్ భారత్' కార్యక్రమము, మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతిబిడ్డయు అర్థముతో చదువగలుగవలెనని లక్ష్యముగ పెట్టుకొన్నది. లక్ష్యమును ప్రభుత్వము నిర్ణయింపగలదు. ఇసుక పళ్లెము ముందు కూర్చుండి, అయిదు లెక్కించునంతసేపు వేచియుండుట మాత్రము ఒక మనుష్యుడు చేయవలసిన పని.

మనిషి మూడు ఋణములతో పుట్టునని పెద్దలు చెప్పుదురు: దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. వీనిలో ఋషిఋణము విద్యవలన కలిగినది. చదివినంత మాత్రమున అది తీఱదు. చదివినదానిని మఱియొకరికి అందించిననే పూర్తిగ తీఱును. ఆ ఋణము తీర్చుటకు పండితుడు కావలసిన పనిలేదు, పెద్దవాడు కావలసిన పనిలేదు. ప్రతి యూరిలోను, ప్రతి వీధిలోను పుస్తకమును చూచి ముఖము త్రిప్పుకొను చిన్నవాడొకడుండును. అతని యిరుగుపొరుగున చదువ వచ్చినవారెవరో ఒకరుందురు. వారిద్దఱి నడుమ ఇరువది నిమిషముల కాలమును, కొంచెము ఓరిమియు ఉన్న చాలును.